రెండోసారి పాపికొండలు

మొన్న 2023 కార్తీకమాసంలో మేం మళ్ళీ పాపికొండలు వెళ్ళొచ్చాం. "మళ్ళీ" అన్నానా, తంటా అంతా ఆ మాట దగ్గరే వచ్చింది.

మొదటిసారి వెళ్ళింది 2008 డిసెంబరులో, పిల్లలకి క్రిస్మస్ సెలవులిచ్చినప్పుడు. అప్పటికి మా పెద్దదానికి ఎనిమిదేళ్ళు, చిన్నాడికి ఐదు. మేం హైదరాబాదు నుంచి తణుకు వెళ్ళి, అత్తయ్యగారినీ మావయ్యగారినీ వెంటబెట్టుకుని పట్టిసీమ రేవులో లాంచీ ఎక్కాం. మంచు ఇంకా విడలేదు. ఏటి మధ్య వీరభద్రస్వామి గుడి ఉన్న కొండ ఒక్కటీ నీళ్ళమీద తేలుతున్నట్టు కనిపించింది. అక్కడ దిగి దణ్ణం పెట్టుకుని, ఇసకలో కాళ్ళీడ్చుకుంటూ మళ్ళీ లాంచీ దగ్గరికొచ్చి, వేడి వేడి ఉప్మా తిన్నాం. ఆ తర్వాత పోలవరం, గండిపోచమ్మ గుడి, దేవీపట్నం, కొండలు, పేరంటాలపల్లి. రాత్రికి కొల్లూరు ఇసకతిన్నెల మీద వెదురు గుడిసెల్లో బస.

ఆ రాత్రి గురించి ఈ పదిహేనేళ్ళలో నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. కరెంటు లేదు. నెగడు వేశారు. పిల్లలు ఇసకలో పొర్లి పొర్లి, జుట్టునిండా ఇసకతోనే నిద్రపోయారు. నాకు మధ్యలో మెలకువొచ్చి బయటికొస్తే, నీళ్ళ ఒడ్డున అత్తయ్యగారూ మావయ్యగారూ కూర్చుని ఉన్నారు, ఒకే శాలువా ఇద్దరూ కప్పుకుని. మా పెళ్ళై అప్పటికి పదేళ్ళు. వాళ్ళిద్దరూ అలా పక్కపక్కన కూర్చుని మాట్లాడుకోవడం నేను చూడ్డం అదే మొదలు. ఇంట్లో అయితే ఆయన వీధి అరుగు మీద, ఆవిడ వంటింట్లో. మధ్యలో "కాఫీ" అనే మాట తప్ప వేరే సంభాషణే ఉండేది కాదు. నేను చప్పుడు చెయ్యకుండా వెనక్కొచ్చేసి, మావారిని లేపి మరీ చెప్పాను. ఆయన "ఊఁ" అని అటు తిరిగి పడుకున్నారనుకోండి, అది వేరే సంగతి.

తిరిగొచ్చేటప్పుడు "మళ్ళీ వద్దాం" అనుకున్నాం. ఏటా అనుకుంటూనే ఉన్నాం. ఒక ఏడు పెద్దదాని టెన్త్, ఒక ఏడు మావయ్యగారి మోకాలు, ఇంకో ఏడు రైల్లో సీట్లు దొరక్క. 2016లో మావయ్యగారు పోయారు. అత్తయ్యగారు మా దగ్గరికి హైదరాబాదు వచ్చేశారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగిపోయి ఎందరో పోయినప్పుడు, టీవీ ముందు కూర్చుని అందరం ఏడ్చాం. ఆ తర్వాత చాలాకాలం బోట్లు ఆపేశారు. ఇంక మా ఇంట్లో ఆ ఊసే ఎవరూ ఎత్తలేదు.

అలాంటిది మొన్న దసరా వెళ్ళగానే, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తీస్తూ అత్తయ్యగారే అన్నారు. "అమ్మాయ్, ఆ పాపికొండలు ఓసారి చూపించవూ? బోట్లు తిరుగుతున్నాయిట, పేపర్లో వేశాడు."

ఆవిడకి డెబ్భై ఆరు. నోరు తెరిచి ఏదీ అడిగే మనిషి కాదు. మందులైపోయినా మూడు రోజుల తర్వాత చెప్తారు. అలాంటావిడ అడిగేసరికి నాకు గొంతులో ఏదో అడ్డుపడింది. మావయ్యగారు గుర్తొచ్చారు కాబోలు, ఆ ఇసక మీద మళ్ళీ కూర్చోవాలని ఉంది కాబోలు అని నాకు నేనే కథంతా అల్లేసుకున్నాను. అంతే, నడుం బిగించాను. అచ్చం అప్పట్లాగే ఉండాలి. ఒక్కటి కూడా మారకూడదు.

ఇక నా హడావుడి చూడాలి మీరు. పెద్దది బెంగుళూరులో ఉద్యోగం. సెలవు పెట్టించాను. చిన్నాడి చేత రెండు రోజులు కాలేజీ మానిపించాను. అటక మీంచి అప్పటి నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీ దింపి, చింతపండు పెట్టి తోమాను. అప్పుడు పట్టుకెళ్ళినవే జంతికలు, మినప సున్నుండలు చేశాను. పాత ఫోటో ఆల్బం తీసి, ఎవరెవరు ఎక్కడ నిలబడ్డారో చూసుకుని, అదే వరసలో మళ్ళీ ఫోటో తీసుకోవాలని కూడా అనుకున్నాను. మావయ్యగారి చోటు ఏం చెయ్యాలో తోచక ఆ ఒక్కటీ పైకి అనలేదు.

మొదటి దెబ్బ ఇంట్లో ఉండగానే తగిలింది. టిక్కెట్లు మాట్లాడదామని ఫోన్ చేస్తే, పట్టిసీమ నుంచి కాదుట. పోలవరం దగ్గర ప్రాజెక్టు ఏటికి అడ్డంగా వచ్చేసింది కదా, దానికి ఎగువన గండిపోచమ్మ గుడి దగ్గర ఎక్కాలిట. రాజమండ్రి నుంచి అక్కడిదాకా బస్సులో తీసుకెళ్తారు. పోనీ అనుకున్నాను. రాత్రి బస లేదుట. పొద్దున వెళ్ళి సాయంత్రానికి వెనక్కి. "కొల్లూరులో గుడిసెలు ఉండేవి కదండీ" అన్నాను. "మా ప్యాకేజీలో లేదు మేడమ్" అన్నాడా అబ్బాయి. నేను వదల్లేదు. నాలుగుసార్లు ఫోన్ చేసి, పెద్దావిడ కోసం అని బతిమాలి, కొంచెం గట్టిగా కూడా మాట్లాడాను. మావారు పేపరు దించి, "అతనేమైనా గుడిసెలు జేబులో పెట్టుకుని లేవంటున్నాడా?" అన్నారు. ఆయన మీద కూడా విసుక్కున్నాను.

సరే, గౌతమిలో బయల్దేరాం. తెల్లవారుతుండగా కొవ్వూరు దాటి రైలు గోదారి బ్రిడ్జి ఎక్కింది. అప్పుడు మావయ్యగారు పిల్లలిద్దర్నీ లేపి చెరో రూపాయి చేతిలో పెట్టి ఏట్లో వేయించిన మాట గుర్తొచ్చి నేనూ వీళ్ళని లేపబోయాను. మేం ఎక్కింది ఏసీ బోగీ. అద్దాలు తెరుచుకోవు. చిన్నాడు దుప్పటి లోంచే, "అమ్మా, ఫోన్‌పే చేసెయ్యి గోదారమ్మకి" అన్నాడు. అత్తయ్యగారు పకపకా నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

గండిపోచమ్మ దగ్గర రేవులో పేర్లు రాసుకున్నారు, ఆధార్ కార్డులు చూశారు, లైఫ్ జాకెట్లు వేసుకుంటే గానీ కదిలేది లేదన్నారు. అప్పుడు మేమెక్కిన లాంచీలో జాకెట్లు ఓ మూల కుప్పగా పడుండేవి. మా పిల్లలు వాటిని తలగడలు చేసుకుని పడుకున్నారు. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. చూశారా, అప్పటివన్నీ బాగున్నాయని నేను పాడే పాటలో ఈ ముక్క ఎప్పుడూ ఉండేది కాదు.

బోటు కదిలింది. పైన కుర్చీలు, పెద్ద పెద్ద స్పీకర్లు, సినిమా పాటలకి ఇద్దరు కుర్రాళ్ళు డాన్సు. అప్పుడూ ఉంది డాన్సు. చిన్నాడు వెళ్ళి గెంతులు వేస్తే అందరం చప్పట్లు కొట్టాం. ఇప్పుడు అదే పాట నాకు తలనొప్పిగా ఉంది. పిల్లలిద్దరూ ఫోన్లలో తలలు పెట్టుకున్నారు. దేవీపట్నం వైపు చూస్తే, జనం ఖాళీ చేసి వెళ్ళిపోయిన ఊళ్ళు. అప్పుడు ఒడ్డున నిలబడి మా పిల్లలకి చేతులూపిన పిల్లలు ఇప్పుడు ఏ కాలనీలో ఉన్నారో, పెళ్ళిళ్ళై వాళ్ళకీ పిల్లలు పుట్టారో. ఇసకతిన్నెలు ఎక్కడా లేవు. ప్రాజెక్టు దగ్గర కట్టిన అడ్డుకట్టతో నీరు ఎగదన్ని నిలబడిపోయింది. మా గోదారి చలికాలంలో ఇలా ఉండేది కాదే అనుకున్నాను. సన్నగా, తేటగా, పక్కన తెల్లటి ఇసకతో ఉండేది. ఇప్పుడు నిండుగా, కదలకుండా చెరువులా ఉంది.

కచ్చులూరు వచ్చినప్పుడు పాటలు ఆపేశారు. ఎవరూ ఏమీ చెప్పలేదు. తెలిసినవాళ్ళు చేతులు జోడించారు. పెద్దది ఫోన్ పక్కన పెట్టేసి వచ్చి నానమ్మ చెయ్యి పట్టుకుంది.

ఆ తర్వాత నేను కిందికి వెళ్ళిపోయి ఓ మూల కూర్చున్నాను. ఏడుపొస్తోంది. ఇంత కష్టపడి, ఇంత ఖర్చు పెట్టి ఆవిడని ఇక్కడిదాకా తీసుకొచ్చింది ఇది చూపించడానికా అని. క్యారేజీ విప్పబుద్ధి కూడా కాలేదు. అత్తయ్యగారు మనసులో ఎంత నొచ్చుకుంటున్నారో, నాకు చెప్పలేక ఊరుకుంటున్నారో అని.

కాసేపటికి చిన్నాడొచ్చి, "అమ్మా, నానమ్మ రమ్మంటోంది, కొండలు వచ్చాయి" అన్నాడు.

పైకి వెళ్ళి చూస్తే అత్తయ్యగారు ముందు వరసలో, కాషాయం రంగు జాకెట్టు పట్టుచీర మీద బిగించుకుని, కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నారు. కూర్చోమంటే కూర్చోరు. పాపిడి తీసినట్టు చెరోపక్కా కొండలు, మధ్యలో ఏరు. పాపిడి కొండలే వాడుకలో పాపికొండలయ్యాయని చెప్తారు. ముందుకి వెళ్తున్నకొద్దీ ఇంక దారి లేదు, కొండ అడ్డమొచ్చేసింది అనిపిస్తుంది. అంతలో ఏరు పక్కకి తిరుగుతుంది, మళ్ళీ దారి. ఆవిడ చిన్నపిల్లలా ప్రతి మలుపుకీ "అదిగో, అదిగో" అంటున్నారు. నేను పక్కకి వెళ్ళి నిలబడ్డాను.

"ఎంత బావున్నాయే అమ్మాయ్. పోయినసారి నేను చూళ్ళేదు కదూ వీటిని."

నాకర్థం కాలేదు. "చూడకపోవడమేమిటి అత్తయ్యా? మనందరం కలిసేగా వచ్చాం?"

"వచ్చాను. కింద కూర్చున్నాను కదా, తలనొప్పని చెప్పి."

అవును, కింద పడుకున్నారు. నాకు గుర్తే లేదు. నా కథలో ఆ ముక్క కూడా ఎప్పుడో జారిపోయింది.

బోటు బల్లకట్టులా మెల్లిగా పోతోంది. ఆవిడ కొండల్ని చూస్తూనే చెప్పారు. పక్కింటావిడ సంగతి చెప్తున్నట్టు, ఏ మార్పూ లేకుండా. 2008లో మేం హైదరాబాదులో ఫ్లాటు కొనాలని చూస్తున్నాం. ముందు కట్టాల్సిన డబ్బుకి చాలా తక్కువ పడింది. మావయ్యగారు "నా రిటైర్మెంటు డబ్బుంది, సర్దుతాను" అన్నారు. సర్దారు. మేం ఈనాటిదాకా అదే అనుకుంటున్నాం. కానీ ఆయన రిటైర్మెంటు డబ్బు ఆడపడుచు పెళ్ళికే అయిపోయిందట. మిగిలింది అత్తయ్యగారికి పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమల కింద ఇచ్చిన అరెకరం కొబ్బరితోట. అది అమ్ముదామని ఆయన. వద్దని ఆవిడ. నెల రోజులుగా ఇద్దరికీ మాటల్లేవు. మేం "పాపికొండలు వెళ్దాం రండి" అన్నది సరిగ్గా అప్పుడే.

"మరి ఆ రాత్రి ఇసకలో..." అన్నాను. నాకు మాట పూర్తి చెయ్యడం చేతకాలేదు.

"అదే తగువు. గుడిసెలో అయితే మీకు వినబడుతుందని బయటికి పోయాం. చలికి చచ్చాను. ఉన్నది ఒక్కటే శాలువా. ఆయన తనది ఇంటి దగ్గరే మర్చిపోయొచ్చారు, నాది లాక్కున్నారు." నవ్వారు. "తెల్లారగట్ల సరేలెండి అన్నాను. సంక్రాంతి వెళ్ళాక సంతకం పెట్టాను."

పదిహేనేళ్ళు నేను ఊరంతా చెప్పుకున్న శాలువా అది.

ఏమనాలో తెలియలేదు. "మాకు చెప్పలేదేం అత్తయ్యా?" అన్నాను చివరికి. "చెప్తే కొననిచ్చేవాడా మీ ఆయన?" అన్నారు. "బాధగా లేదా?" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "ఉండేది. మా నాన్న వేసిన చెట్లు. ఇప్పుడు ఆ ఇంట్లోనే కదా ఉంటున్నాను" అన్నారు. ఆపైన, "ఆరోజు కొండలన్నీ అలా పక్కనించి వెళ్ళిపోయాయి, నేను తలెత్తి చూడనే లేదు. ఆ కోపంలో. ఇన్నేళ్ళూ మీరందరూ ఎంత బావుందో ఎంత బావుందో అంటుంటే వినడమే గానీ, నాకేం తెలుసు? అందుకే అడిగాను నిన్ను" అన్నారు.

అదండీ సంగతి. నేను ఆవిడని రెండోసారి తీసుకొచ్చాననుకుంటున్నాను. ఆవిడ మొదటిసారి వచ్చారు.

పేరంటాలపల్లిలో దిగాం. మెట్లెక్కుతుంటే చిన్నాడు ఒకపక్క, పెద్దది ఒకపక్క నానమ్మని పట్టుకున్నారు. శివుడి గుడి, పక్కన కొండమీంచి వచ్చే సెలయేరు, చెట్ల చల్లదనం, ఇవి మాత్రం అలాగే ఉన్నాయి. కానీ అప్పటిలా ఉన్నాయా లేవా అని పోల్చి చూడ్డం నేను ఆ సరికే మానేశాను. కొండరెడ్ల ఆడవాళ్ళు వెదురుతో చేసిన పూలబుట్టలు అమ్ముతున్నారు. అత్తయ్యగారు తన బొడ్డుసంచీలోంచి డబ్బు తీసి ఒకటి కొన్నారు. బేరం ఆడలేదు. బోటు అబ్బాయిని "కొల్లూరు గుడిసెలు ఎక్కడబ్బాయ్?" అని అడిగారు. వాడు ఎగువకి చెయ్యి చూపించి, "అటేపండి మామ్మగారూ. ఇసకంతా నీళ్ళలోకెళ్ళిపోయింది" అన్నాడు. "పోన్లే" అన్నారావిడ. అంతే.

తిరుగు ప్రయాణంలో క్యారేజీ విప్పాను. సున్నుండలు పక్కవాళ్ళకి కూడా పంచాం. పిల్లలు ఇద్దరూ అందాలరాముడు సినిమాలోనూ ఈ గోదారే, గోదావరి సినిమాలోనూ ఈ గోదారేనా అని నానమ్మని అడిగి కథ చెప్పించుకున్నారు. 1973లో అందాలరాముడు వచ్చినప్పుడు ఆవిడా మావయ్యగారూ తణుకులో చూశారట. "అప్పుడు మాత్రం తగువు పడలేదు" అన్నారు, నా వైపు చూసి.

ఆ రాత్రి రాజమండ్రి హోటల్లో మావారికి చెప్పాను కొబ్బరితోట సంగతి. చాలాసేపు కిటికీ దగ్గరే నిలబడిపోయారు. తెల్లారి లేచేసరికి మనిషి గదిలో లేరు. చూస్తే అమ్మని తీసుకుని పుష్కరాల రేవుకి వెళ్ళారు, కార్తీక దీపం వదిలించడానికి. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఇద్దరూ ఇడ్లీ పొట్లాలు పట్టుకుని వచ్చారు.

నచ్చిన చోటికి మళ్ళీ వెళ్ళేవాళ్ళకి నేను నేర్చుకున్న రెండు ముక్కలు చెప్తాను, పెద్దరికం అనుకోకండి. ఒకటి, ఏమేం మారాయో ముందే కనుక్కోండి. ఎక్కడ ఎక్కాలి, రాత్రి బస ఉందా, పెద్దవాళ్ళు ఎక్కాల్సిన మెట్లెన్ని, అన్నీ. కనుక్కున్నాక నాలాగా ఫోన్లో పోట్లాడకండి. పోయింది పోయిందని ఇంట్లోనే ఒప్పేసుకుని బయల్దేరితే, అక్కడ కళ్ళు ఖాళీగా ఉంటాయి, ఉన్నది కనబడుతుంది. రెండోది, సంచులు సర్దకముందు ఇంటిల్లిపాదీ కూర్చుని "పోయినసారి నీకేం గుర్తుంది?" అని ఒక్కొక్కళ్ళనీ అడగండి. నేను అడిగి ఉంటే తెలిసేది. ఒకే లాంచీలో ఆరుగురం వెళ్ళాం గానీ, ఆరుగురం ఒకే చోటికి వెళ్ళలేదు. ఇంటికొచ్చాక అడిగితే మా చిన్నాడికి గుర్తున్నది ఒకటే, ఇసకలో వాడి చెప్పు పోయిందని. పెద్దదానికి నెగడు వాసన. మావారికి ఉప్మా.

పేరంటాలపల్లి వెదురుబుట్ట ఇప్పుడు మా దేవుడి గూటి పక్కన ఉంది. అత్తయ్యగారు పొద్దున్నే బాల్కనీలో కోసిన నందివర్ధనాలు అందులో వేస్తారు. ఆ ఇల్లు, ఆ బాల్కనీ, నేను ఇన్నాళ్ళూ "మా ఆయన కొన్న ఫ్లాటు" అని చెప్పుకున్నవి. ఇప్పుడు ఎవరైనా అడిగితే అలా చెప్పడం లేదు.

మొన్న ఆదివారం పెద్దది ఫోన్ చేసి, "నానమ్మా, మళ్ళీ ఎప్పుడు వెళ్దాం?" అంది. అత్తయ్యగారు వెంటనే, "ఈసారి అక్కడికెందుకే, చూసేశానుగా. అరకు తీసుకెళ్ళు" అన్నారు.